చికాగో చలికి నిజామాబాద్ సూట్‌కేసు

బిడ్డ కాన్పుకనో, కొడుకు పట్టా పండుగకనో చలిదేశానికి బయల్దేరే అమ్మానాన్నలు పెట్టెలో ఏం పెట్టుకోవాలి? వెచ్చగా ఉంటూనే ముచ్చటగా కనిపించాలంటే ఏం చేయాలి?

నవంబరు వచ్చిందంటే నిజామాబాద్‌లో, బోధన్‌లో, ఆర్మూర్‌లో ఏదో ఒక ఇంటి హాల్లో రెండు పెద్ద సూట్‌కేసులు తెరిచి ఉంటాయి. పక్కనే కొక్కెం ఉన్న చిన్న తూకం మిషను. అమెరికా విమానాల్లో మామూలుగా మనిషికి రెండు పెట్టెలు, పెట్టెకు 23 కిలోలు. మామిడికాయ తొక్కు, సకినాలు, మన ఊరి పసుపు, బాలింతకు పెట్టే కాయం సర్దేసరికి ఒకటి నిండిపోతుంది. రెండోదాన్ని చలి భయం నింపుతుంది. ఎప్పుడో దుబాయి నుంచి అన్న తెచ్చిన మందపాటి బ్లాంకెటు, నాలుగు ఊలు స్వెటర్లు, రెండు శాలువాలు, మంకీ క్యాపులు. "గక్కడ సలి సంపుతదట బిడ్డా, ఉండనియ్యి" అంటూ పైనుంచి ఇంకో స్వెటరు పడుతుంది. జిప్పు పట్టక ఇద్దరు ఎక్కి కూర్చుంటారు.

అంత బరువు మోసుకుపోయిన ఆ బట్టలు అక్కడ చాలావరకు పెట్టె దాటి బయటికి రావు. ఇంట్లో వాటి అవసరం ఉండదు. వీధిలోకి వెళితే అవి చాలవు. దాంతో అమ్మ డిసెంబరు నుంచి మార్చి దాకా కిటికీ అద్దం వెనకే ఉండిపోతుంది. అంత దూరం వెళ్లి, అంత పెద్ద నగరంలో ఉండి, వీధి చివరి పార్కు కూడా చూడకుండా తిరిగొచ్చిన తల్లులు మన జిల్లాలో ఎందరో. "సలికి బయటికే పోలే" అని వాళ్లు మామూలుగా చెబుతుంటే వినడం కష్టంగా ఉంటుంది. వాళ్లను ఇంట్లో కూర్చోబెట్టింది చలి ఒక్కటే కాదు. సరైన బట్టలు లేకపోవడం కూడా.

స్వామీజీకీ తప్పలేదు

చికాగో పేరు వినగానే తెలుగు ఇళ్లలో మొదట గుర్తొచ్చేది వివేకానందుడు. 1893 ఫిబ్రవరి 13న ఆయన సికింద్రాబాద్‌ మహబూబ్ కళాశాలలో మాట్లాడారు. పాశ్చాత్య దేశాలకు తాను ఎందుకు వెళ్లదలచుకున్నదీ అక్కడి సభలో చెప్పారు. మే 31న బొంబాయిలో ఓడ ఎక్కారు. మనం ఫొటోల్లో చూసే ఆ పట్టు అంగీ, తలపాగా ఖేత్రీ మహారాజు సమకూర్చినవి. ఠీవికి లోటు లేదు. వెచ్చదనం సంగతే ఎవరికీ తట్టలేదు.

యొకొహామా నుంచి వాంకూవర్ వెళ్లే ఓడలో, అదీ నడివేసవిలో, ఉత్తర పసిఫిక్ గాలికి ఆయన వణికిపోయారు. ఉన్ని బట్టలు లేక చాలా బాధపడ్డానని ఆగస్టు 20న మద్రాసులోని శిష్యుడు అళసింగ పెరుమాళ్‌కు రాశారు. చలికాలం దగ్గర పడుతోందని, అక్కడివాళ్ల కంటే మనవాళ్లకు వెచ్చని బట్టలు ఎక్కువే కావాలని అదే ఉత్తరంలో చెప్పారు. సెప్టెంబరు 11న సర్వమత సభలో ఆయన ప్రసంగించిన భవనం ఇప్పుడు ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చికాగో. మన అమ్మానాన్నలు తప్పకుండా ఫొటో దిగే చోటు అది. మిషిగన్ సరస్సు మీది గాలి కమ్ముకొచ్చే చోటు కూడా అదే.

ఇంట్లో ఒక కాలం, వీధిలో ఒక కాలం

మన డిసెంబరు తెల్లవారుజామున నిజామాబాద్‌లో పది, పన్నెండు డిగ్రీలకు పడిపోతుంది. చెరుకు కొట్టే రోజుల్లో బోధన్ పక్క పల్లెల్లో, మంజీర ఒడ్డున ఇంకాస్త వణికిస్తుంది. తలుపు సందుల్లోంచి ఆ చలి ఇంట్లోకి కూడా వస్తుంది. అందుకే మనకు చలి అంటే ఇరవై నాలుగు గంటల వ్యవహారం. రాత్రి చెద్దరు కప్పుకొని పడుకుంటాం, పొద్దున దాన్నే చుట్టుకొని చాయ్ తాగుతాం.

చికాగోలో అలా ఉండదు. సెప్టెంబరు 15 నుంచి జూన్ 1 దాకా అద్దె ఇళ్లలో పగలు కనీసం 68 ఫారెన్‌హీట్, రాత్రి 66 ఉండేలా ఇంటి ఓనరు చూడాలని ఆ నగర చట్టమే చెబుతుంది. అంటే ఇంట్లో దాదాపు 20 సెల్సియస్. మన ఇంటి డిసెంబరు పొద్దు కంటే వెచ్చన. అక్కడ ఇంట్లో వేసుకోవడానికి రోజూ కట్టే నూలు చీరలు, నైటీలు, లుంగీలే సరిపోతాయి. మీద ఒక పల్చటి స్వెటరు చాలు. కొబ్బరినూనె మాత్రం సీసాలో గడ్డకట్టి ఉంటుంది. అది 24 డిగ్రీల కిందికి వస్తే గట్టిపడుతుంది. దాన్ని చూసి ఇల్లంతా మంచుగడ్డ అయిందని కంగారు పడనక్కర లేదు. దుబాయి బ్లాంకెటు కూడా అక్కర్లేదు. పెట్టెలో అయిదారు కిలోలు మిగులుతాయి.

తలుపు దాటితే లెక్క మారుతుంది. జనవరి రాత్రుల్లో చికాగో సగటున మైనస్ 7 దగ్గర ఉంటుంది. 2019 జనవరి 30న మైనస్ 30 దాటింది. దాని మీద గాలి. అక్కడి వాతావరణ శాఖ పట్టిక ప్రకారం మైనస్ 18 డిగ్రీల చలిలో గంటకు 24 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 28లా తగులుతుంది. కప్పుకోని చర్మం అరగంటలో దెబ్బతింటుంది. ఊలు స్వెటరు అల్లికలో సందులు ఉంటాయి కదా, గాలి వాటిలోంచి నేరుగా దూరిపోతుంది. నాలుగు స్వెటర్లు తొడుక్కున్నా వణుకు తగ్గకపోవడానికి కారణం ఇదే.

గొంగడి తెలిసినవాళ్లకు కొత్తేమీ కాదు

చలిని ఎలా ఆపాలో మన జిల్లా కురుమలకు తరతరాలుగా తెలుసు. దక్కనీ గొర్రె నల్ల ఉన్నితో గుంట మగ్గం మీద నేసి, చింతగింజల గంజి పట్టించి గట్టిపరిచిన గొంగడి గాలిని, వానను రెంటినీ ఆపుతుంది. అయితే దాన్ని ఎవరూ ఒంటికి నేరుగా చుట్టుకోరు, గుచ్చుకుంటుంది. లోపల మెత్తటి అంగీ, తలకు రుమాలు, అన్నిటికీ పైన గొంగడి. మందలో రాత్రి పడుకునే గొల్లకురుమల పద్ధతి ఇది.

చలిదేశాల బట్టల షాపుల్లో మూడు పొరలు అని చెప్పేది కూడా ఇదే వరుస. ఒంటికి ఆనుకొని ఉండేది చెమటను పీల్చి బయటికి పంపాలి. నడిమిది గాలిని కదలకుండా పట్టి ఉంచాలి, ఎందుకంటే వేడిని నిలబెట్టేది కదలని గాలే. పైది ఈదురుగాలిని, తడిని ఆపాలి. ఈ వరుస తప్పితే ఎంత ఖరీదు పెట్టినా లాభం లేదు.

లోపలి పొరకు నూలు పనికిరాదు. నడిస్తే పట్టిన చెమటను నూలు పట్టుకొని ఉంటుంది, ఆగగానే ఆ తడి ఒంటిని చల్లబరుస్తుంది. మెరినో ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చినా తడిగా అనిపించదు. ఖరీదు ఎక్కువ అనుకుంటే పాలిస్టర్ థర్మల్స్ తీసుకోవచ్చు. నడిమి పొరకు ఫ్లీసు కోటీ గానీ, పల్చటి ఉన్ని స్వెటరు గానీ ఒక్కటి సరిపోతుంది. పై పొర కోటు. డబ్బు పెట్టాల్సింది, చూసి చూసి ఎంచుకోవాల్సింది దాని కోసమే.

చీర కట్టే అమ్మకు

"చీర కట్టుకుంటే చలి ఆగదు, ప్యాంట్లు వేసుకో" అని పిల్లలు అంటారు. ప్యాంట్లలో హాయిగా తిరిగే అమ్మలకు అది మంచి మాటే. కానీ జన్మంతా చీర కట్టిన మనిషికి ప్యాంటు తొడిగి వీధిలో నిలబెడితే ఆమె చలి కంటే సిగ్గుకు ఎక్కువ ముడుచుకుపోతుంది, రెండోసారి రానంటుంది. మైనస్ చలిలో చీర కట్టుకొని సుఖంగా తిరగొచ్చు. దానికి ఒక పద్ధతి ఉంది.

ముందు థర్మల్ బనీను, లోపల ఫ్లీసు అతికిన లెగ్గింగు. లెగ్గింగు మీదే లంగా బిగిస్తే కుచ్చిళ్లు దోపడానికి పట్టు దొరుకుతుంది. బ్లౌజు బదులు మెడ దాకా మూసి, చేతులు నిండుగా ఉండే సన్నని ఉన్ని టర్టిల్ నెక్. చీర రంగుకు జోడీ కుదిరే నలుపు, మెరూన్, ముదురాకుపచ్చ, ఈ మూడు రంగులు ఉంటే పెట్టెలోని చీరలన్నిటికీ నడుస్తాయి. నిజానికి బ్లౌజు కంటే ఇదే అందంగా ఉంటుందని నా అభిప్రాయం. మెడలోని పుస్తెలతాడు దాని మీద చక్కగా కనిపిస్తుంది.

ఇక చీర. గంజి పెట్టిన నూలు చీర ఇంట్లోకే. వీధిలోకి పట్టు మంచిది. అది తేలిక, ఒంటి వేడిని తొందరగా బయటికి పోనీయదు. సింథటిక్ చీరలతో ఇంకో తంటా ఉంది. హీటర్లు నడిచే ఇళ్లలో గాలి బాగా పొడిబారుతుంది. పాలిస్టర్ లెగ్గింగు మీద పాలిస్టర్ చీర రాసుకొని కాళ్లకు అతుక్కుపోతుంది, తలుపు పిడి ముట్టుకుంటే చిటుక్కున షాక్ కొడుతుంది. చీర అంచు మామూలు కంటే రెండు వేళ్లు పైకి ఉండాలి. కాలిబాటల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు బురద అంటుకుంటే పట్టు అంచు మచ్చ పడుతుంది. పైకి కట్టినందుకు బోసిగా ఉంటుందని అనుకోవద్దు, మిగిలిన జాగాను బూటు కప్పేస్తుంది.

కోటు మోకాళ్లు దాటాలి. నడుము దగ్గర బిగుతుగా ఉండేది వద్దు, కుచ్చిళ్ల దగ్గర ఉబ్బి కనిపిస్తుంది. భుజాల దగ్గర సరిపోయి కిందికి వచ్చేకొద్దీ విడుపుగా ఉండేది తీసుకోవాలి. జిప్పు కింది నుంచి కూడా తెరుచుకునేదైతే కారులో కూర్చునేటప్పుడు ఇబ్బంది ఉండదు. లోపల బాతు ఈకల నూగు నింపిన కోట్లు బరువు తక్కువ, వేడి ఎక్కువ. వాటి మీద 550, 600, 700 అని అంకెలు ఉంటాయి. అంకె పెరిగేకొద్దీ నూగు ఎక్కువ పొంగుతుంది, అంత తేలికగా ఉంటుంది. ఈకలు వద్దనుకునే వాళ్లకు సింథటిక్ నింపినవీ దొరుకుతాయి. తలకు టోపీ ఉన్న కోటే కొనాలి.

రంగు ఎంచేటప్పుడు నలుపుకే పోనక్కర లేదు. ముదురు నీలం, ఒంటె రంగు ప్రతి చీర మీదా బాగుంటాయి. చలికాలం ఫొటోలన్నిటిలోనూ కనిపించేది ఆ ఒక్క కోటే కాబట్టి దాన్ని మనసుకు నచ్చేలా ఎంచుకోవాలి. మార్పు కావాలంటే మెడలో వేసుకునే గుడ్డ మార్చాలి. ఇక్కడి నుంచి తప్పకుండా పట్టుకెళ్లాల్సినవి పోచంపల్లి ఇక్కత్ స్టోలు ఒకటి, చలికాలంలో మన వీధుల్లో మూటలతో తిరిగే కశ్మీరీల దగ్గర కొన్న ఉన్ని శాలువా ఒకటి. ఒంటె రంగు కోటు మెడలో ఎర్రటి పోచంపల్లి వేసుకొని చికాగో వీధిలో నడిచే నిజామాబాద్ అమ్మ ఎవరికీ తీసిపోదు.

చిన్న విషయాల్లోనే బాధంతా ఉంటుంది. మందపాటి సాక్సు, బూటు మధ్య మెట్టెలు వేళ్లను నొక్కుతాయి. సన్నటివి, గుండ్రటివి మార్చుకుంటే నయం. గాజులు ఎక్కువుంటే కోటు చెయ్యి ఎక్కదు, గ్లవుజు మణికట్టు దాకా రాదు, ఆ సందులోంచి గాలి దూరుతుంది. రెండు గాజులు ఉంచుకొని మిగతావి ఇంట్లో పెట్టాలి. బయట ఎక్కువసేపు ఉంటే చెవికమ్మల లోహం చల్లబడి తమ్మెలను కొరుకుతుంది, టోపీ చెవుల కింది దాకా లాగాలి. నడినెత్తిన కొప్పు ఉంటే టోపీ కూర్చోదు, మెడ మీదికి ముడి వేసుకుంటే సరి.

బూట్ల దగ్గర రాజీ పడొద్దు. కొన్ని అంగుళాల మంచులో చెప్పులు గానీ, గుడ్డ షూ గానీ తడిసి ముద్దవుతాయి. నీరు దిగని, అడుగున లోతు గాళ్లు ఉన్న, చీలమండ దాటే బూటు కావాలి. మందపాటి సాక్సుతో వేసుకున్నా లోపల వేళ్లు కదలాలి. బిగుతైతే రక్తం ఆడక కాళ్లు ఇంకా చల్లబడతాయి. గడ్డకట్టిన బాట మీద చిన్న చిన్న అడుగులు, పాదం మొత్తం ఆనించి వేయాలి. పెద్దవాళ్లకు అక్కడ చలి కంటే జారి పడడమే ఎక్కువ ప్రమాదం.

నాన్న సంగతి ఇంత లేదు. ప్యాంటు కింద థర్మల్, ఉన్ని కలిసిన ప్యాంటు, కోటు, బూట్లు. పంచె కట్టేవాళ్లు గుడికి వెళ్లేటప్పుడు థర్మల్ మీద కట్టుకోవచ్చు. చికాగో దగ్గరి అరోరాలోని శ్రీవేంకటేశ్వరస్వామి గుడిలో చెప్పుల గది దాటితే లోపలంతా వెచ్చనే. మంకీ క్యాపు మాత్రం ఇంట్లోనే వదిలి, చెవులు మూసే అల్లిక టోపీ, మెడకు మఫ్లరు వాడితే చాలా హుందాగా ఉంటుంది.

ఇక్కడేం కొనాలి, అక్కడేం కొనాలి

దీపావళి దాటగానే మన పట్టణాల్లో రోడ్డు పక్కన స్వెటర్ల దుకాణాలు వెలుస్తాయి. టిబెటన్లు ఏటా వచ్చి అమ్మే ఆ సరుకు చాలావరకు లుధియానాలో తయారైంది. మన చలికి, ఢిల్లీ చలికి అది బ్రహ్మాండంగా పనికొస్తుంది. అక్కడ ఒక పల్చటి కార్డిగన్, రెండు మూడు జతల ఉన్ని సాక్సులు తీసుకోవచ్చు. థర్మల్స్ మన బనీన్ల దుకాణాల్లోనే దొరుకుతాయి, అట్ట మీద పత్తి ఎంత, పాలిస్టర్ ఎంత అని చదివి కొనండి. టర్టిల్ నెక్ ఇక్కడే తీసుకొని టైలరుతో నడుము కాస్త పట్టించుకోవచ్చు.

కోటు, బూట్లు, గ్లవుజులు మాత్రం అక్కడే. మన షాపుల్లో అమ్మే జాకెట్లు అయిదు, పది డిగ్రీల చలికి కుట్టినవి. మైనస్ గాలికి అవి నిలబడవు. మైనస్ చలికి పనికొచ్చే సరుకు అక్కడ నవంబరు నాలుగో గురువారం థ్యాంక్స్ గివింగ్ తర్వాత, మళ్లీ జనవరి చివర బాగా తగ్గింపుకు వస్తుంది.

ఏ ఊరికి వెళుతున్నారో దాన్ని బట్టి లెక్క మారుతుంది. టొరంటో, న్యూజెర్సీ వెళ్లేవాళ్లు చికాగోకు చెప్పినవన్నీ పాటించాలి. లండన్‌లో మంచు కంటే జల్లు ఎక్కువ, అక్కడ నీరు దిగని కోటు ముఖ్యం. డాలస్ మామూలుగా పెద్ద చలి ఊరు కాదు గానీ 2021 ఫిబ్రవరి 16న మైనస్ 19 దాకా పడిపోయి, కరెంటు కూడా లేక జనం అల్లాడారు. అక్కడి ఇంట్లోనూ ఒక్క మంచి కోటు వేలాడుతూ ఉండాలి.

ఢిల్లీ, కాశీ, అయోధ్య ప్రయాణాలు దీనికి పూర్తిగా తలకిందులు. జనవరిలో ఢిల్లీ రాత్రి ఏడు డిగ్రీలే కావచ్చు, కానీ ఇళ్లలో, సత్రాల్లో హీటింగు ఉండదు. నేల, మంచం, బకెట్లో నీళ్లు అన్నీ ఐసులా ఉంటాయి. చికాగో వెళ్లొచ్చినవాళ్లు కూడా కాశీ సత్రంలో వణికిపోతారు. అక్కడికి రాత్రీ పగలూ వేసుకోవడానికి రెండు జతల థర్మల్స్, సాక్సులు కావాలి. మన ఊలు స్వెటర్లు, శాలువాలు, మందపాటి రగ్గు అన్నీ అక్కడ పనికొస్తాయి. గంగాస్నానానికి నూలు చీర బదులు తొందరగా ఆరే పల్చటి సింథటిక్ చీర తీసుకెళ్లి, గట్టెక్కిన వెంటనే మార్చుకోవాలి.

జనవరి సెమిస్టరుకు వెళ్లే పిల్లలకు ఒక మాట. ఆగస్టులో వెళ్లేవాళ్లకు చలికి అలవాటు పడే వ్యవధి ఉంటుంది, మీకు విమానం దిగగానే మొదటి అడుగే మంచులో. అక్కడ కొనుక్కుందామనే మాట మీకు వర్తించదు. హైదరాబాద్‌లో ట్రెక్కింగు సామాను అమ్మే పెద్ద షాపులో మైనస్ డిగ్రీలకు పనికొచ్చేదని చీటీ ఉన్న కోటు చూసి కొనండి. దాన్ని లగేజీ పెట్టెలో వేయొద్దు, చేతి మీద వేసుకోండి. టోపీ, గ్లవుజులు కోటు జేబుల్లోనే ఉండాలి. పెట్టె ఒక రోజు ఆలస్యంగా వచ్చినా మీరు వణకరు.

చివరగా ఈ చలికాలం అమ్మానాన్నలకు టికెట్లు తీస్తున్న కొడుకులకు, బిడ్డలకు ఒక విన్నపం. టికెట్టుతో పాటు వాళ్ల కొలతలు కూడా అడగండి. చాతీ, భుజం, చెయ్యి పొడవు దర్జీ దగ్గర తీయించుకొమ్మనండి. పేపరు మీద అమ్మను నిలబెట్టి, పాదం చుట్టూ పెన్నుతో గీత గీసి, పక్కన స్కేలు పెట్టి వాట్సాప్‌లో ఫొటో పంపమనండి. బూటు సైజు తప్పదు. వాళ్లు దిగే రోజుకు కోటు, బూట్లు కొని ఉంచండి. ఎయిర్‌పోర్టుకు వెళ్లేటప్పుడు వాటిని కారులో పెట్టుకొని వెళ్లండి, ఇంటికి తెచ్చాక ఇద్దామని ఆగొద్దు. వచ్చిన మొదటి ఆదివారమే వాళ్లను నగరంలోకి తీసుకెళ్లండి.